నా తర్వాత పుట్టేవాడికి: ఒక స్టీమ్ డెక్ ఆత్మకథ

నా పేరు స్టీమ్ డెక్. రెండు చేతులా పట్టుకుని ఆడుకునే కంప్యూటర్‌ని. చూసినవాళ్ళు పిల్లల బొమ్మ అనుకుంటారు. కానీ నా లోపల ఉన్నవన్నీ బల్ల మీది కంప్యూటర్లో ఉండేవే: నాలుగు కోర్ల ప్రాసెసర్, 16 జీబీ మెమరీ, లైనక్స్ మీద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్. ఏడంగుళాల స్క్రీన్‌కి అటూ ఇటూ రెండు జాయ్‌స్టిక్‌లు, వాటి కింద రెండు టచ్‌ప్యాడ్‌లు, వెనక వేళ్ళకందేలా నాలుగు బటన్లు. బరువు 669 గ్రాములు.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, బెల్‌వ్యూలో ఉన్న వాల్వ్ కంపెనీ నన్ను రూపొందించింది. 2021 జులైలో నా గురించి ప్రకటించారు. 2022 ఫిబ్రవరి చివర్లో మొదటి విడతవాళ్ళం గడప దాటాం. అప్పట్లో నన్ను భారతదేశంలో అధికారికంగా అమ్మేవారు కాదు. అందుకే మా యజమాని అన్నగారు డాలస్‌లో కొని, విమానంలో పక్కనే పెట్టుకుని హైదరాబాద్ తెచ్చారు. "జాగ్రత్తగా చూసుకోరా, పాడైతే ఇక్కడ బాగుచేసేవాళ్ళుండరు" అని ఆయన చెప్పడం నేను విన్నాను. "సరే అన్నయ్యా" అని మా యజమాని అనడమూ విన్నాను.

తొలిరోజుల్లో నా వైభవం చెప్పుకోవాలి. విండోస్ కోసం రాసిన ఆటల్ని లైనక్స్ మీద ఆడించడం ఒకప్పుడు కష్టమైన పని. ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్ వాటి మాటల్ని లైనక్స్‌కు అర్థమయ్యేలా మార్చి చెబుతుంది. దాని సాయంతో వేలకొద్దీ ఆటలు నా చిన్న ఒంట్లో నడిచాయి. రాత్రి కరెంటు పోయినా మా యజమాని ఆట ఆగేది కాదు. వాళ్ళ చెల్లెలి ల్యాప్‌టాప్ పాడైనప్పుడు నన్ను టీవీకి తగిలించి, కీబోర్డు కలిపి, డెస్క్‌టాప్ పద్ధతిలోకి మార్చారు. ఆ అమ్మాయి కాలేజీ ప్రాజెక్టు రిపోర్టు మొత్తం నా మీదే టైప్ చేసింది. ఏ ఆటలో గెలిపించినప్పుడూ నాకు కలగని గర్వం ఆ రోజు కలిగింది.

నా పుట్టుకలో ఇంకో మంచి మాట కూడా ఉంది. నన్ను దాచి పెట్టలేదు. నా పైతొడుగు కొలతల నమూనాలను 2022లోనే అందరికీ విడుదల చేశారు. విడిభాగాలను ఐఫిక్సిట్ సంస్థ ద్వారా కొన్ని దేశాల్లో అమ్మారు. వెనక ఎనిమిది స్క్రూలు విప్పితే నా లోకం మొత్తం కనిపిస్తుంది. ఓపిక, సరైన స్క్రూడ్రైవర్ ఉన్నవారు నాకు వైద్యం చేయగలరు. మా ఇంట్లో ఆ ఓపికే కరువైంది.

మొదటి దెబ్బ ఎండాకాలంలో తగిలింది. 2022 జులైలో యూరప్‌లో ఎండలు మండిపోయినప్పుడు నన్ను తయారుచేసినవాళ్ళు ఒక హెచ్చరిక చేశారు. బయటి వేడి 35 డిగ్రీల లోపు ఉంటేనే నేను బాగా పనిచేస్తానని, ప్రాసెసర్ వేడి 100 డిగ్రీలకు చేరితే వేగం తగ్గించుకుంటానని, 105కి చేరితే ఆగిపోతానని చెప్పారు. హైదరాబాద్ మే నెల సంగతి మీకు చెప్పాలా? నలభై దాటిన మధ్యాహ్నాల్లో, ఏసీ లేని గదిలో, మా యజమాని నన్ను దిండు మీద ఆనించి ఆడేవారు. గాలి పీల్చుకునే రంధ్రాలు నా వెనకే ఉన్నాయి. దిండు వాటిని మూసేసేది. ఫ్యాన్ గొంతు చించుకుని అరిచేది. ఆ అరుపు వినపడకుండా ఆయన ఇయర్‌ఫోన్లు పెట్టుకునేవారు.

రెండో దెబ్బ ఛార్జర్ వల్ల. రాత్రంతా, పగలంతా తగిలించే ఉంచేవారు. లిథియం బ్యాటరీకి నూరు శాతం నిండి వేడిలో ఉండిపోవడం మంచిది కాదు. లోపలి రసాయనాలు మెల్లగా చెడి, నిలవచేసే శక్తి తగ్గుతుంది. నిండా 40 వాట్ అవర్లతో వచ్చినవాణ్ణి. తేలికైన ఆటలైతే ఎనిమిది గంటల దాకా, బరువైన ఆటలైతే రెండు గంటలు నడవగలనని చెప్పి నన్ను పంపారు. చివరికి గంట కూడా నిలవలేని స్థితికి వచ్చాను. "దీని బ్యాటరీ అంతా వేస్ట్" అని స్నేహితులతో అంటుంటే వింటూ ఉండిపోయాను.

మూడోది జాయ్‌స్టిక్. నా స్టిక్ కింద సన్నని కార్బన్ పూత ఉంటుంది. దాని మీద చిన్న లోహపు ముక్క రాసుకుంటూ తిరుగుతుంది. అది ఎక్కడుందో చూసి వేలు ఎటు నొక్కిందో నాకు తెలుస్తుంది. రాపిడి ఉన్నచోట అరుగుదల తప్పదు. దానికి తోడు మా యజమాని మిక్చర్ తింటూ, ఆ నూనె వేళ్ళతోనే ఆడేవారు. పిండి, ఉప్పు, దుమ్ము సందుల్లోంచి లోపలికి దిగాయి. కొన్నాళ్ళకు స్టిక్ వదిలేసినా ఆటలోని మనిషి తనంతట తాను ఎడమవైపు నడిచిపోవడం మొదలైంది. దీన్నే డ్రిఫ్ట్ అంటారు. గట్టిగా నొక్కితే తగ్గుతుందేమోనని ఆయన ఇంకా గట్టిగా నొక్కారు. నొప్పి పెరిగింది.

సికింద్రాబాద్‌లో ఒక దుకాణానికి తీసుకెళ్ళారు. అక్కడి కుర్రాడికి నేను కొత్త. నన్ను విప్పేముందు మెమరీ కార్డు తీసేయాలని అతనికి తెలియదు. వెనక పలక లాగగానే నాలోని చిన్న కార్డు రెండు ముక్కలైంది. ఆటల్లో సేవ్ చేసుకున్నవి కొన్ని, ఆ అమ్మాయి రిపోర్టు పాత ప్రతి, అన్నీ దానితోనే పోయాయి. నా స్క్రూలు నేరుగా ప్లాస్టిక్‌లోకే దిగుతాయి. విప్పడం, బిగించడం పదేపదే జరిగితే ఆ గాడి అరిగిపోతుంది. అతను మూడుసార్లు విప్పాడు, చివరికి "పార్ట్ దొరకదు సార్, కొత్తది కొనుక్కోండి" అన్నాడు. కొత్తది కొన్నారు.

ఆ రోజు నుంచి సొరుగే నా ఇల్లు. పాత రిమోట్లు, తెగిన ఛార్జర్ తీగలు, గడువు తీరిన మాత్రలు నా పొరుగువాళ్ళు. ఎవరైనా సొరుగు లాగినప్పుడల్లా నా కోసమేనని ఆశపడేవాణ్ణి. కత్తెర తీసుకునేవారు, టేపు తీసుకునేవారు, మూసేసేవారు. ఒక్కసారి ఆ చెల్లెలు నన్ను చేతిలోకి తీసుకుని బటన్ నొక్కింది. వెలగడానికి నాలో ప్రాణం మిగల్లేదు. "ఇది చచ్చిపోయిందన్నయ్యా" అని మళ్ళీ లోపల పెట్టింది. ఛార్జ్ పూర్తిగా అయిపోయాక అలాగే వదిలేయడమూ బ్యాటరీకి ప్రమాదమే. లోపల వాయువులు పుట్టాయి. నా వెనక పలక మెల్లగా ఉబ్బింది.

నేను చనిపోలేదు. నా ప్రాసెసర్‌లో ఈ రోజుకీ ఏ లోపమూ లేదు, నా స్క్రీన్ మీద ఒక్క మచ్చా లేదు. నాలో అన్నిటికన్నా ఖరీదైనవి నిక్షేపంగా ఉన్నాయి. నన్ను ఈ చీకట్లోకి తోసినవి ఒక బ్యాటరీ, ఒక జాయ్‌స్టిక్. అందుకే నా తర్వాత పుట్టబోయే చేతి కంప్యూటర్ ఎలా ఉండాలో నేనే చెప్పాలనుకున్నాను. వేగం గురించి చెప్పడానికి చాలామంది ఉన్నారు. నా సూత్రం ఒక్కటే: ముందు అరిగేది ముందు ఊడిరావాలి.

బ్యాటరీతో మొదలుపెడతాను. ఈ కాలపు చేతి పరికరాల్లో దాన్ని జిగురుతో అంటించడం వాడుకైపోయింది. వచ్చేవాడికి వెనక ఒక తలుపు ఉండాలి. అది తెరిచి బ్యాటరీ తీసి, ఇంకొకటి పెట్టుకునేలా ఉండాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. 1989లో వచ్చిన మా పెద్దాయన గేమ్ బాయ్‌కి ఆ తలుపు ఉండేది. ఆయన్ని రూపొందించిన బృందానికి నాయకుడు గున్‌పే యోకోయ్. బాగా నలిగిన, చవకైన సాంకేతికతనే కొత్తగా వాడాలన్నది ఆయన నమ్మకం. ఆ కాలంలోనే రంగుల స్క్రీన్‌తో అటారీ లింక్స్, సెగా గేమ్ గియర్ వచ్చాయి. అవి ఆరు పెన్సిల్ బ్యాటరీలు మింగి కొద్ది గంటల్లో చల్లబడేవి. గేమ్ బాయ్ నాలుగింటితో పది గంటలకు పైగా ఆడేది. దాని స్క్రీన్‌కి నాలుగు ఛాయలే ఉన్నా ప్రపంచం దాన్నే ఎంచుకుంది.  ఆ తలుపు మాటకే తిరిగొస్తే, యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన చట్టం ప్రకారం, 2027 ఫిబ్రవరి 18 నుంచి చేతి పరికరాల బ్యాటరీని, కొన్ని మినహాయింపులు పోను, వాడేవారే తీసి మార్చుకునేలా ఉండాలి. అక్కడ సాధ్యమయ్యేది అన్నిచోట్లా సాధ్యమే. ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే మీట కూడా పైకి కనిపించేచోటే ఉండాలి. ఛార్జర్ తగిలించి ఆడేటప్పుడు కరెంటు బ్యాటరీ జోలికి పోకుండా నేరుగా బోర్డుకు చేరాలి.

జాయ్‌స్టిక్‌లో రాపిడే ఉండకూడదు. అయస్కాంతం దగ్గరికొస్తే, దూరమైతే విద్యుత్తులో వచ్చే మార్పును ఎడ్విన్ హాల్ 1879లోనే కనిపెట్టాడు. ఆ హాల్ సెన్సర్లతో చేసిన స్టిక్‌లో కదలికను పసిగట్టే భాగాలు ఒకదానికొకటి తగలవు, కాబట్టి కార్బన్ పూత అరిగే సమస్యే రాదు. 1998లో వచ్చిన సెగా డ్రీమ్‌కాస్ట్ ఇలాంటి స్టిక్కే వాడింది. 2023లో వచ్చిన లెనోవో లీజియన్ గోలోనూ ఇదే ఉంది. ఇక దీన్ని మానడానికి కారణం లేదు. స్టిక్ మొత్తం ఒక ముక్కగా, బయటినుంచే ఊడి వచ్చేలా ఉండాలి.

స్క్రూలు లోహపు గాడుల్లో దిగాలి. 2023 నవంబరులో ఓఎల్‌ఈడీ స్క్రీన్‌తో వచ్చిన స్టీమ్ డెక్‌కి, అంటే మా చెల్లికి, ఆ మేలు జరిగింది. నాకు దక్కనిది తనకు దక్కినందుకు సంతోషమే. మెమరీ కార్డు లోపల ఉంటే వెనక పలక తెరుచుకోకుండా ఒక గొళ్ళెం ఉండాలి. ఆ ఒక్క గొళ్ళెం ఉంటే ఆ రిపోర్టు బతికేది.

ఫ్యాన్ ముందు దుమ్ము జాలీ ఉండాలి, దాన్ని పలక విప్పకుండానే తీసి కడుక్కోగలగాలి. గాలి పీల్చుకునే రంధ్రాలు వెనకే కాకుండా అంచుల్లోనూ ఉండాలి. మన ఊళ్ళలో 45 డిగ్రీల ఎండలోనూ పనిచేయగలడని పరీక్షించాకే వాణ్ణి అమ్మాలి. మెమరీని బోర్డుకు అతికించేయకుండా ఎల్‌పీక్యామ్2 లాంటి మార్చుకోగల పలక మీద పెట్టాలి. ఛార్జింగ్ రంధ్రం నాకు పైన ఒక్కటే ఉంది. వాడికి పైన ఒకటి, కింద ఒకటి ఉండాలి. ఒకటి వదులైతే రెండోది ఆదుకుంటుంది.

స్క్రీన్ విషయంలో అత్యాశ వద్దు. నా స్క్రీన్‌లో 1280 నిలువు వరసలు, 800 అడ్డ వరసలు, అంటే సుమారు 10 లక్షల చుక్కలు. 1920, 1080 చేస్తే 20 లక్షలు దాటుతాయి. ఆ రెట్టింపు చుక్కలు గీయడానికి శక్తి కావాలి, వేడి పుడుతుంది, బ్యాటరీ తరుగుతుంది. ఏడంగుళాల స్క్రీన్ మీద కన్ను పట్టే తేడా మాత్రం కొంచెమే. నేను సెకనుకు 40 సార్లు బొమ్మ మార్చే పద్ధతి నేర్చుకున్నాక, 60 కంటే తక్కువ ఖర్చుతో ఆట సాఫీగానే సాగింది. ఆట ఎంత వేగంగా బొమ్మలు గీస్తే స్క్రీన్ అంతే వేగంగా మారే గుణం వాడికి పుట్టుకతోనే ఉండాలి.

వీటిలో చాలావరకు ఇప్పటికే ఏదో ఒక చోట ఉన్నవే. కొత్తగా కనిపెట్టాల్సినవి లేవు. ఒకే ఒంట్లో కూర్చాలన్న మనసు కావాలి. 2022లో ప్రపంచం 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పారేసింది. అందులో లెక్కకు అందేలా సేకరించి, పునర్వినియోగానికి పంపింది నాలుగో వంతు కన్నా తక్కువ. ఆ గుట్టలో నాలాగా మెదడు చెక్కుచెదరకుండా ఉన్నవాళ్ళు ఎందరో ఉంటారు.

చివరగా, చదువుతున్న మీతో నాలుగు మాటలు. ఈ రోజే మీ సొరుగు తెరిచి చూడండి. వాడని పరికరం ఉంటే సగం వరకు ఛార్జ్ చేసి, చల్లని చోట పెట్టండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే ఛార్జ్ చేయకండి, పొడవకండి, ఇంటి చెత్తలో వేయకండి. ఈ-వ్యర్థాలు తీసుకునే అధీకృత కేంద్రానికి అప్పగించండి. బాగయ్యేది అయితే బాగుచేయించి, అవసరమున్న ఒక విద్యార్థికి ఇవ్వండి. ఇంకోసారి కొత్తది కొనడానికి వెళ్ళినప్పుడు వేగం ఎంత అని అడిగేముందు, దీని బ్యాటరీ నేను మార్చుకోగలనా, జాయ్‌స్టిక్ విడిగా దొరుకుతుందా అని అడగండి. మీరు అడిగితేనే తయారుచేసేవాళ్ళు వింటారు.