పందికొక్కు గారిపై ఫిర్యాదు

ఎల్బీ నగర్‌లో ఇంటి పన్ను, నల్లా బిల్లు, కాలనీ సంఘం చందా తప్పకుండా కడుతున్న గృహస్థుణ్ణి. ఇవేవీ కట్టకుండా నా కాంపౌండ్ గోడ కింద ఒకరు కాపురం పెట్టారు. రాత్రంతా మట్టి తోడి, తెల్లారేసరికి గేటు ముందు బుట్టెడు కుప్ప పోస్తారు. కారు వైర్లు రెండుసార్లు కొరికారు. పార్కింగ్ టైల్ మీద కాలు పెడితే చీలమండ దాకా దిగబడుతోంది.

2021లో కొత్తపేట పండ్ల మార్కెట్ బాటసింగారం వెళ్లిపోతే వీళ్లూ వెంట పోతారని సంబరపడ్డాం. పండ్లు పోయాయి, వీళ్లు మా కాలనీకి వచ్చారు.

మ్యాన్‌హోల్ మూత ఎత్తి చూసిన మనిషి “ఘూస్ హై సాబ్” అన్నాడు. నేను మారు మాట్లాడకుండా జేబులో చెయ్యి పెట్టాను. పాపం, అతను నవ్వాడు. హిందీలో లంచానికీ పందికొక్కుకీ ఒకటే మాటట. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో ఆఫీసుల చుట్టూ బాగా తిరిగినవాడే అయ్యుంటాడు.

నా అసలు కడుపుమంట టైల్స్ గురించి కాదు, దాని పరపతి గురించి. మూలకు తరిమితే పందిలా గుర్రుమనే ఈ కొక్కు పేరే ఇంగ్లీషువాళ్ల నోట బాండికూట్ అయింది. అది తెలుగు మాటేనని 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు సాక్ష్యం. 1873లో గ్రే అనే శాస్త్రజ్ఞుడు దాని ప్రజాతికి బాండికోటా అని బిరుదిచ్చాడు. అంతకుముందే ఆస్ట్రేలియా చేరిన తెల్లవాళ్లు, పొట్టకు సంచీ ఉన్న వేరే జంతువుకు ఇదే పేరు తగిలించారు. అది ఎలుక జాతే కాదు! ఒకరి ప్లాటు ఇంకొకరి పేరున రిజిస్టరు చేయడం మా వైపే అనుకున్నాను. 1996లో క్రాష్ బాండికూట్ వీడియో గేమ్ కూడా వచ్చింది. మా అబ్బాయి నా డబ్బుతోనే ఆడుతున్నాడు.

దీన్ని పట్టడానికి ముంగిసను పెంచుదామంటే వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. ఆ ముంగిసా తక్కువది కాదు, ఇక్కడి పేరుతోనే పోర్చుగీసులో మంగుస్తో అయి కూర్చుంది.

2018లో కేరళ కుర్రాళ్లు మ్యాన్‌హోళ్లు శుభ్రం చేసే రోబోకూ బాండికూట్ అనే పేరు పెట్టారు. దాన్ని ఒక్కసారి మా వీధిలో దింపితే, అసలు ఎవరో నకిలీ ఎవరో వాళ్లలో వాళ్లే తేల్చుకుంటారు.

ప్రస్తుతానికి సంఘం వాళ్లు ఎలుకల బోను కొని అందులో మిర్చి బజ్జీ పెట్టారు. బజ్జీ మాయమైంది, బోను బోర్లా పడుంది. ఖర్చు నా ఖాతాలో రాశారు, బొరియ నా గోడ కిందే ఉంది కదా అని.