ఎన్నికల పెద్దను ఎన్నుకునే పద్ధతి: ఏడు అమూల్య సూచనలు

అమెరికా బ్యాలట్‌కు పొడుగెక్కువ. గవర్నరు, సెనేటరు, అటార్నీ జనరల్, జడ్జిలు, స్కూలు బోర్డు సభ్యులు, ఆఖర్న ఎంత చదివినా అర్థం కాని నాలుగైదు ప్రతిపాదనలు. ఆ జాబితాలో ఎక్కడో నడుమ సెక్రటరీ ఆఫ్ స్టేట్ అభ్యర్థులుంటారు. వాషింగ్టన్‌లో విదేశాంగ వ్యవహారాలు చూసే మంత్రికీ వీళ్లకూ సంబంధం లేదు. చాలా రాష్ట్రాల్లో ఓటర్ల జాబితా, ఎన్నికల నియమాలు, ఫలితాల ధ్రువీకరణ ఈ పదవి చేతిలోనే ఉంటాయి. చిక్కల్లా, ఎన్నికలు జరిపించే ఈ మనిషి కూడా పార్టీ టికెట్ మీద నిలబడి, చందాలు పోగేసి, టీవీ ప్రకటనల్లో ఎదుటి అభ్యర్థిని ఏకిపారేసి గెలిచి రావాలి.

అట్లాంటా శివార్లలోనో డెట్రాయిట్ పక్కనో పౌరసత్వం పుచ్చుకుని తొలి బ్యాలట్ అందుకున్న తెలుగువాళ్లకు ఇది కొత్తే. సొంత రాష్ట్రంలో ప్రధాన ఎన్నికల అధికారి అంటే ఎన్నికల సంఘం నియమించే ఐఏఎస్. పంచాయతీ ఎన్నికలు చూసే కమిషనర్‌ను గవర్నరు నియమిస్తారు. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్‌కుమార్‌కూ మధ్య రేగిన వివాదం సుప్రీంకోర్టు గడప దాకా వెళ్లింది గానీ, ఆ కుర్చీ కోసం ఎవరూ ఇంటింటికీ తిరిగి ఓట్లడగలేదు. అమెరికాలో అడుగుతారు. అడిగినప్పుడు ఎవరికి వేయాలో తేల్చుకోవడానికి అక్కడి ఓటర్లు చాలాకాలంగా పాటిస్తున్న పద్ధతులనే కింద వరసగా కూర్చడమైంది.

1. పదవి పని ఏమిటో ఆరా తీయవద్దు

ఆరా తీస్తే ఉత్సాహం చల్లారిపోతుంది. ఇల్లినాయ్‌లో సెక్రటరీ ఆఫ్ స్టేట్ డ్రైవింగ్ లైసెన్సులు, కారు నంబరు పలకలు చూస్తారు. ఎన్నికల కోసం అక్కడ వేరే బోర్డు ఉంది. అలాగని అది చిన్నాచితకా పదవేం కాదు. 1970లో అదే పదవిలో ఉండగా పాల్ పావెల్ చనిపోతే, ఆయన బస చేసిన హోటల్ గదిలో దాదాపు 8 లక్షల డాలర్ల నగదు బయటపడింది. అందులో కొంత బూట్ల అట్టపెట్టెల్లో సర్ది ఉంది.

విస్కాన్సిన్ కథ ఇంకా బాగుంటుంది. అక్కడ ఎన్నికల బాధ్యత ఈ పదవి నుంచి ఏనాడో తప్పించారు. ఇప్పుడు ఆరుగురు సభ్యుల కమిషన్ ఆ పని చూస్తోంది. సెక్రటరీగా డగ్లస్ లా ఫొలెట్ నాలుగు దశాబ్దాలకు పైగా ఉన్నారు, ఆ కాలంలో ఆయన అధికారాలు ఒక్కొక్కటే ఊడిపోయాయి, చివరికి కార్యాలయం కాపిటల్ భవనం నేలమాళిగకు చేరింది. 2022లో ఎన్నికల పనిని మళ్లీ ఈ పదవికి తెస్తామంటూ రిపబ్లికన్ అభ్యర్థి ఏమీ లాడెన్‌బెక్ పోటీ చేశారు. ఏ పనీ లేని పదవికీ, పని తెస్తానన్న వాగ్దానానికీ మధ్య జరిగిన ఆ పోరులో లా ఫొలెట్ ఎనిమిది వేల లోపు ఓట్ల తేడాతో గట్టెక్కారు. మరుసటి మార్చిలోనే రాజీనామా చేసేశారు.

2. కారు రిజిస్ట్రేషన్ దగ్గర క్యూ పొడవు కొలవండి

మిషిగన్‌లో ఎన్నికలూ, డ్రైవింగ్ లైసెన్సులూ ఒకే కార్యాలయం కింద నడుస్తాయి. కాబట్టి అభ్యర్థిని తూచడానికి అక్కడ తిరుగులేని కొలబద్ద ఉంది: కారు కాగితాల కోసం ఎంతసేపు నిలబడాల్సి వచ్చింది?

జాస్లిన్ బెన్సన్ న్యాయశాస్త్ర ఆచార్యురాలు. సెక్రటరీ ఆఫ్ స్టేట్ పదవి మీద ఏకంగా పుస్తకమే రాశారు. 2010లో పుస్తకం వచ్చింది. ఆ ఏడే ఆమె ఆ పదవికి పోటీ చేసి ఓడిపోయారు కూడా. 2018లో మళ్లీ నిలబడినప్పుడు, బ్రాంచి ఆఫీసులో ఎవరూ అరగంటకు మించి వేచి ఉండనక్కర్లేకుండా చేస్తానని మాటిచ్చారు. గెలిచారు. పుస్తకాలు రాసే అభ్యర్థులు ఈ సంగతి గమనించగలరు.

3. ప్రచార కమిటీలో పేరున్నవాళ్లకే పెద్దపీట వేయండి

తటస్థంగా ఉంటానని చెప్పేవాళ్ల మనసులో ఏముందో ఎవరికి తెలుసు? లెటర్‌హెడ్ మీద పేరుంటే ఏ అనుమానమూ ఉండదు. 2000లో ఫ్లోరిడా సెక్రటరీ ఆఫ్ స్టేట్ కాథరిన్ హారిస్, ఆ రాష్ట్రంలో జార్జ్ బుష్ ప్రచారానికి సహ అధ్యక్షుల్లో ఒకరు. దేశాధ్యక్షుడెవరన్నది ఫ్లోరిడా మీదే ఆగిపోయిన ఆ నవంబరులో, బుష్ 537 ఓట్లతో గెలిచారని ధ్రువీకరించిన సంతకం ఆమెదే. ఫ్లోరిడా ఓటర్లకు మాత్రం ఏదో ముందే తోచినట్టుంది. ఈ పదవిని ఎన్నికల నుంచి తప్పించి గవర్నరు నియామకానికి వదిలేసే సవరణను 1998లోనే ఆమోదించారు. అది అమలులోకి వచ్చేసరికి 2003 అయింది.

2004లో ఒహాయో వంతు. అక్కడి సెక్రటరీ కెన్నెత్ బ్లాక్‌వెల్ కూడా రాష్ట్రంలో బుష్ ప్రచారానికి గౌరవ సహ అధ్యక్షుడు. ఓటరు నమోదు దరఖాస్తులు 80 పౌండ్ల రకం దళసరి కాగితం మీద ఉంటేనే చెల్లుతాయని ఉత్తర్వు ఇచ్చారాయన. గోల లేచాక వెనక్కి తగ్గారు. కాగితం నాణ్యత మీద ఇంత శ్రద్ధ ఉన్న అధికారులు అరుదు.

4. పై మెట్టు మీద కన్నున్నవారిని ప్రోత్సహించండి

ఎదగాలన్న కోరిక మంచిదే. 2018లో జార్జియా సెక్రటరీ ఆఫ్ స్టేట్ బ్రయాన్ కెంప్ గవర్నరు పదవికి పోటీ చేశారు. తన పెళ్లికి తానే పురోహితుడైనట్టు, ఆ ఎన్నికలను పర్యవేక్షించిందీ ఆయనే. పేరులో అక్షరం తేడా లాంటి కారణాలతో 53,000 నమోదు దరఖాస్తులు ఆయన కార్యాలయంలో ఆగిపోయాయని పోలింగుకు ముందే అసోసియేటెడ్ ప్రెస్ బయటపెట్టింది. ప్రత్యర్థి స్టేసీ ఏబ్రమ్స్ మీద ఆయనకు వచ్చిన ఆధిక్యం సుమారు 55,000. పోలింగు అయిన రెండో రోజున, సెక్రటరీ పదవికి రాజీనామా చేశారు.

అదే ఏడాది కాన్సస్‌లో సెక్రటరీ క్రిస్ కోబాక్ సొంత పార్టీ గవర్నరుతోనే ప్రైమరీలో తలపడ్డారు. తుది తేడా 343 ఓట్లు. లెక్కింపు నడుమ విమర్శలు ముదిరాక ఆయన పక్కకు తప్పుకున్నారు గానీ, ఆయన స్థానంలో కూర్చున్నది ఆయన కిందివారే. ఇది ఒక్క పార్టీ సొత్తనుకోవద్దు. 2022లో అరిజోనా డెమొక్రాట్ సెక్రటరీ కేటీ హాబ్స్ తాను గవర్నరుగా గెలిచిన ఫలితం మీద తానే సంతకం చేశారు. 2026 గవర్నరు పోటీలో తామూ ఉంటామని మిషిగన్, జార్జియా సెక్రటరీలు ఇద్దరూ 2025లో ప్రకటించారు. ఒకరిది డెమొక్రాటిక్ పార్టీ, మరొకరిది రిపబ్లికన్.

5. గత ఎన్నికలను నమ్మనివారికే వచ్చే ఎన్నికలు అప్పగించండి

2022లో ఇందుకు అవకాశాలు దండిగా దొరికాయి. 2020లో ట్రంప్ ఓడిపోలేదని వాదించే అభ్యర్థులు కొందరు కూటమి కట్టారు. నెవాడాలో జిమ్ మర్చంట్, అరిజోనాలో మార్క్ ఫించెమ్, మిషిగన్‌లో క్రిస్టీనా కరామో పోటీకి దిగారు. ముగ్గురూ ఓడిపోయారు. కరామో ఆ తర్వాత రాష్ట్ర పార్టీ అధ్యక్షురాలయ్యారు. 2024 జనవరిలో పార్టీ సభ్యులు ఆమెను తొలగిస్తూ ఓటేస్తే, ఆ ఓటూ చెల్లదన్నారు. కోర్టు తీర్పు వచ్చేదాకా ఆ పార్టీకి ఇద్దరు అధ్యక్షులు.

కొలరాడోలో టీనా పీటర్స్ అనే కౌంటీ క్లర్కు, ఎన్నికల యంత్రాల సమాచారం లీకు కేసులో నేరారోపణ ఎదుర్కొంటూనే రిపబ్లికన్ ప్రైమరీలో నిలబడ్డారు. ఓడిపోయాక రెండున్నర లక్షల డాలర్లకు పైగా కట్టి మళ్లీ లెక్కపెట్టించారు. ఫలితం మారలేదు. 2024లో జ్యూరీ ఆమెను దోషిగా తేల్చింది, జడ్జి తొమ్మిదేళ్ల శిక్ష వేశారు.

6. సొంత పార్టీవాళ్ల పొరపాట్లను పెద్ద మనసుతో చూడండి

అవతలివాళ్లు చేస్తే కుట్ర, మనవాళ్లు చేస్తే పొరపాటు. కొలరాడో డెమొక్రాట్ సెక్రటరీ జెనా గ్రిస్వోల్డ్ కార్యాలయం, ఓటింగ్ యంత్రాల పాస్‌వర్డులు కొన్ని దాచిన షీటులో అలాగే ఉన్న ఎక్సెల్ ఫైలును వెబ్‌సైట్లో పెట్టింది. అది నెలల తరబడి అక్కడే ఉంది. 2024 అక్టోబరులో గానీ సంగతి బయటికి పొక్కలేదు. ఒరెగాన్‌లో మరో డెమొక్రాట్ షెమియా ఫేగన్, గంజాయి వ్యాపారానికి సంబంధించిన సంస్థకు నెలకు 10,000 డాలర్ల మీద సలహాదారుగా కుదిరారు. గంజాయి నియంత్రణ శాఖ మీద ఆమె కార్యాలయమే చేసిన ఆడిట్ నివేదిక అప్పటికి ఇంకా వెలువడలేదు. 2023 మేలో రాజీనామా చేశారు.

వీటికి పూర్తిగా విరుద్ధమైన, అందుచేత పరిహరించదగిన ఉదాహరణ జార్జియాలో ఉంది. వృత్తిరీత్యా ఇంజినీరు అయిన బ్రాడ్ రాఫెన్స్‌పర్గర్ 2020లో ట్రంప్‌కే ఓటేసిన రిపబ్లికన్. రాష్ట్రంలో ట్రంప్ 11,779 ఓట్లతో వెనకబడ్డారు. సుమారు 50 లక్షల బ్యాలట్లను చేత్తో మళ్లీ లెక్కపెట్టించినా ఓటమి ఓటమిగానే మిగిలింది. 2021 జనవరి 2న ట్రంప్ స్వయంగా ఫోన్ చేసి, 11,780 ఓట్లు వెతికి పెట్టమన్నారు. దాదాపు గంటసేపు సాగిన ఆ ఫోన్‌లో రాఫెన్స్‌పర్గర్ చెప్పింది ఒక్కటే: తమ దగ్గరున్న లెక్క సరైనదే. సొంత పార్టీ పెద్ద మాట కాదన్న మనిషికి 2022 ప్రైమరీలో డిపాజిట్ కూడా దక్కదని పండితులు తేల్చేశారు. ట్రంప్ బలపరిచిన జోడీ హైస్‌ను ఆయన తొలి రౌండులోనే ఓడించారు. పార్టీ తప్ప మరేదీ చూడకూడదన్న నియమాన్ని అక్కడి రిపబ్లికన్ ఓటర్లు ఎందుకో ఉల్లంఘించారు.

7. విసుగు పుట్టించేవారిని దూరం పెట్టండి

కవరు మీద సంతకం సరిపోల్చడం, యంత్రాలకు ముందస్తు పరీక్షలు, చనిపోయినవారి పేర్ల తొలగింపు, కౌంటీ క్లర్కులకు శిక్షణ. అభ్యర్థి ఈ మాటలెత్తగానే చానల్ మార్చాలి. 2008లో మినెసోటా సెనేట్ పోటీ రీకౌంట్‌కు వెళితే, సెక్రటరీ మార్క్ రిచీ నలుగురు జడ్జిలతో కలిసి వివాదాస్పద బ్యాలట్లను అందరి ఎదుటా ఒక్కొక్కటిగా పరిశీలించారు. ఒక ఓటరు బ్యాలట్ మీద ‘బల్లి మనుషులు’ అని రాసి పెట్టాడు. ఆ కాగితాన్నీ అంతే శ్రద్ధగా చూడాల్సి వచ్చింది. కోర్టు వ్యాజ్యాలతో కలిపి దాదాపు ఎనిమిది నెలలకు 312 ఓట్ల తేడాతో ఆల్ ఫ్రాంకెన్ గెలుపు ఖరారైంది.

ఇన్ని సూచనలు పాటించినా ఎటూ తేలకపోతే నెవాడాకు మకాం మార్చవచ్చు. భారతదేశంలో నోటా 2013లో వచ్చింది గానీ, నెవాడా ఓటర్లు 1970ల నుంచే ‘వీరిలో ఎవరూ కాదు’ అన్న గడి నింపుతున్నారు. 2014 గవర్నరు ఎన్నికల డెమొక్రాటిక్ ప్రైమరీలో అందరికన్నా ఎక్కువ ఓట్లు ఆ ‘ఎవరూ కాదు’కే పడ్డాయి. టికెట్ మాత్రం రెండో స్థానంలో ఉన్న అభ్యర్థికి వెళ్లింది, ఎందుకంటే ఆ గడి ఎన్ని ఓట్లు తెచ్చుకున్నా గెలవకూడదని చట్టం. 2022లో మర్చంట్‌కూ, ఆయన్ను రెండు శాతం పైచిలుకు తేడాతో ఓడించిన డెమొక్రాట్ సిస్కో అగీలార్‌కూ జరిగిన పోటీలోనూ బ్యాలట్ మీద ఆ గడి ఉంది. అందులో పడ్డ ఓట్లను కౌంటీలవాళ్లు బుద్ధిగా లెక్కపెడతారు, ఫలితాల పట్టికలో వాటికీ ఒక వరస కేటాయిస్తారు. ఆ పట్టిక విడుదల చేసేది సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయమే.