తాటాకు గుర్తు ఆత్మకథ

చదవడం ఆపిన పుటలో పెట్టుకునే గుర్తు కాగితపు ముక్కే కానక్కర్లేదు. అమలాపురంలో ఒక కథారచయిత్రి పుస్తకాల్లో ఏడాదిగా తిరుగుతూ, ఇక్కడ తన చరిత్ర తానే చెప్పుకొంటున్న ఈ గుర్తు తాటాకుతో చేసింది. రాజోలు వైపు కాలవగట్టు మీది తాటిచెట్టు దీని పుట్టిల్లు. పొడవు జానెడు, వెడల్పు రెండు వేళ్ళు. ఆకు కోశాక ఈనె తీసి, పసుపు వేసిన నీళ్ళలో ఉడికించి, నీడన ఆరబెట్టి, బరువు కింద అణిచి, శంఖంతో రుద్ది నునుపు చేశారు. వెనకటి రోజుల్లో తాళపత్ర గ్రంథాలకు ఆకును ఇలాగే సిద్ధం చేసేవారు. తరవాత గంటంతో అక్షరాలు గీసి, ఆ గీతల్లోకి మసి దిగేలా పూసేవారు. ఈ ముక్క మీద మాత్రం ఎవరూ ఏమీ రాయలేదు.

ఆగిన పుటలే గుర్తుకు తెలిసిన పుటలు. అయినా ఆవిడకు ఏ పుస్తకం నచ్చిందో చెప్పడానికి అవే చాలు. నచ్చని పుస్తకంలో గుర్తు నెలల తరబడి ఒకచోటే పడి ఉంటుంది, లేదా ఒక్క రాత్రిలో చివరి పుటకు చేరిపోతుంది. నచ్చిన పుస్తకంలో నెమ్మదిగా కదులుతుంది, మధ్య మధ్య వెనక్కి వస్తుంది.

ఏడాదిలో బాగా నెమ్మదిగా సాగింది సంక్రాంతికి మొదలైన పుస్తకం, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి స్వీయచరిత్ర ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’. శ్రీపాద 1891లో గోదావరి పాయ గౌతమికి తూర్పున ఉన్న పొలమూరులో పుట్టారు, 1961లో కన్నుమూశారు. వేదమూ శ్రౌతమూ తరతరాలుగా నడిచిన ఇల్లు అది. ఆ ఇంట తెలుగులో రాయడమనేది చదువు లెక్కలోకి వచ్చేది కాదు. సంస్కృతం చదవమని పంపిన పిల్లవాడు తెలుగు రచయితగా ఎలా నిలబడ్డాడన్నదే ఆ పుస్తకానికి వెన్నెముక. దాని బలం మాత్రం విషయంలో కన్నా మాటలో ఉంది. ఇంట్లో ఆడవాళ్ళు మాట్లాడుకునే తెలుగును ఇంత చెవిపెట్టి విన్న రచయిత మరొకరు కనిపించరు. రచయిత్రి ఆ సంభాషణలను పైకి చదివేది. వంటింటి మాట తగిలినప్పుడల్లా పక్కన పెన్సిలుతో చుక్క పెట్టేది. కొన్ని పుటల అంచులు చుక్కలతో నిండిపోయాయి.

స్వీయచరిత్ర మధ్యలో ఉండగానే గుర్తు కొన్నాళ్ళు శ్రీపాద కథల సంపుటంలోకి మారింది. అక్కడ ఎక్కువగా ఉన్నది ‘వడ్లగింజలు’ దగ్గర. తంగిరాల శంకరప్ప పెద్దాపురం సంస్థానంలో చదరంగం ఆడిన కథ అది. చదరంగపు బల్ల మీద ఒక్క గింజతో మొదలుపెట్టి, గడికి రెట్టింపు చొప్పున అరవై నాలుగు గళ్ళకూ గింజలు పెడుతూ పోతే మొత్తం ఇరవై అంకెల సంఖ్య అవుతుంది. పుట అంచున పెన్సిలుతో ఆవిడ వేసుకున్న లెక్క పదహారో గడి, 32,768 గింజల దగ్గర ఆగింది. లెక్క ఆగినా కథ పట్టు వదలలేదు. ఎత్తుకు ఎత్తు చెబుతూనే మనుషుల గౌరవాన్నీ పేదరికాన్నీ అంత దగ్గరగా చూపిన కథ తెలుగులో అరుదు.

వేసవి పుస్తకాలు తేలిగ్గా నడిచాయి. స్వాతి వారపత్రికలో బాపు బొమ్మలతో వచ్చిన వంశీ ‘మా పసలపూడి కథలు’లో గుర్తు రోజూ ముందుకే పోయింది. పసలపూడి రామచంద్రపురం చెంతనే ఉంది. ఆ కథల్లో ఊళ్ళ పేర్లు, ఇంటిపేర్లు, వంటలు వరసగా వచ్చి పడతాయి. ఎక్కువైపోయాయి అనిపించే చోట్లు ఉన్నాయి. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణ ‘కోతి కొమ్మచ్చి’ని ఆవిడ అంతకుముందే చదివింది. నచ్చిన చోట్లు వెతుక్కుంటూ మళ్ళీ తిరగేసింది.

ఆగస్టులో గోదారికి ఎర్రనీళ్ళు వచ్చి, కనకాయలంక కాజ్‌వే మునిగి, లంకవాళ్ళు పడవలెక్కే రోజుల్లో ఇంట్లో ప్రతి పుస్తకం చెమ్మకు ఉబ్బుతుంది. బీరువాలో కలరా ఉండలు వేసినా పురుగు ఆగదు. తాటాకు సయితం అంచుల్లో కొంచెం వంకర తిరిగింది. అప్పుడు చదివినది బిభూతిభూషణ్ బందోపాధ్యాయ బెంగాలీ నవల ‘ఆరణ్యక్’కు సూరంపూడి సీతారాం చేసిన అనువాదం ‘వనవాసి’. ఎస్టేటు మేనేజరుగా బీహారు అడవికి వెళ్ళిన సత్యచరణ్ ఆ అడవిని ప్రాణంగా ప్రేమిస్తాడు. దాన్ని ముక్కలు చేసి రైతులకు పంచిపెట్టే ఉద్యోగం కూడా అతనిదే. అడవిలో ఎవరూ అడగకుండానే పూలమొక్కలు నాటుతూ తిరిగే యుగళప్రసాదు ఉన్న పుటల్లో గుర్తు చాలాకాలం ఉంది. కోనసీమ కూడా మనిషి చేతిలో రూపు మారిన నేలే. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాక, మధ్య డెల్టా అనే ఈ భాగానికి కాలవలు వచ్చాయి, నిలకడగా వరి వచ్చింది. అందుకు డెల్టా కాటన్‌కు కృతజ్ఞతగానే ఉంది, ఉండాలి కూడా. కాలవలకు ముందు ఇక్కడ ఏయే చెట్లు, ఏయే మడుగులు ఉండేవో చెప్పే ‘వనవాసి’ లాంటి పుస్తకం ఒకటి రావలసిన అవసరం మాత్రం అలాగే ఉంది.

తుపాను రోజుల్లో ఆవిడ చేతికి వచ్చింది పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నడిపిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి అందుకున్న కథ. తన నియమాల మీద తిరుగులేని నమ్మకమున్న ఒక పెద్దమనిషి, ఒక ముష్టిది, గాలివానలో చిన్న రైల్వేస్టేషను, అంతే సరంజామా. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకు కోనసీమలో కొబ్బరితోటలకు తోటలే నేలకూలాయి, వందలమంది ప్రాణాలు పోయాయి. ఆ రాత్రి బతికి బయటపడిన వాళ్ళకు ఈ కథలో గాలి వర్ణన ఎక్కడా ఎక్కువనిపించదు.

ఏడాది చివర వచ్చినవి బోయి భీమన్న పుస్తకాలు. వాటితో ఏడాది చదువంతా మారిపోయింది. భీమన్న 1911లో రాజోలు సీమలోని మామిడికుదురులో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరున్న కోనసీమ జిల్లాలో ఉంది. స్వాతంత్ర్యానికి ముందే ఆయన రాసిన నాటకం ‘పాలేరు’లో, కామందు ఇంట చాకిరీ చేసే కుర్రవాడు చదువుకుని డిప్యూటీ కలెక్టరవుతాడు. ఊరూరా ఆడిన నాటకం అది. నాటకం చూసి పిల్లల్ని పని మానిపించి బడికి పంపిన వాళ్ళున్నారని పెద్దలు చెప్పుకుంటారు. ‘గుడిసెలు కాలిపోతున్నై’కి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి, అంతకుముందు 1973లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్ వచ్చాయి. తన బతుకును తానే ‘పాలేరు నుండి పద్మశ్రీ వరకు’ అన్న పేరుతో రాసుకున్నారు.

భీమన్న స్వీయచరిత్ర సగంలో ఉండగా రచయిత్రి గుర్తును తీసి, మళ్ళీ శ్రీపాద పుస్తకంలో పెట్టింది. ఈ పుస్తకం నుంచి ఆ పుస్తకానికి, ఆ పుస్తకం నుంచి ఈ పుస్తకానికి చాలాసార్లు మార్చింది. ఇద్దరూ ఒకే గోదావరి నీళ్ళు తాగినవాళ్ళు, వయసులో ఇరవై ఏళ్ళ తేడా. ఇద్దరి కథా చదువు కోసం పడిన పాటే. ఒకరికి పెద్దలు పెట్టిన చదువు వద్దనిపించి, తనకు కావలసిన చదువు కోసం ఇంటితో తగవు పడవలసి వచ్చింది. రెండోవారికి పలక పట్టడమే ఊరితో తగవు. శ్రీపాద అంటరానితనాన్ని పట్టించుకోలేదనడం తప్పు. ‘ఇలాంటి తవ్వాయి వస్తే’ అనే కథ రాసిన చెయ్యి ఆయనదే. స్వీయచరిత్ర మాత్రం అగ్రహారపు అరుగు మీద నుంచి చూసినది. ఆ అరుగుల వెనక గాదెలు నింపిన వడ్లు పండించిన మనుషుల ఇళ్ళలోకి తొంగిచూడాలంటే భీమన్న దగ్గరికి రావాలి. ఆవిడ పెన్సిలు చుక్కలు ఈసారి వంటింటి మాటల పక్కన కాదు, కూలి, గింజలు, పాలేరుతనం అన్న మాటల పక్కన పడ్డాయి. రెండు పుస్తకాలూ ఇప్పుడు ఒకే అరలో, ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి.

ఏడాదిలో ఇష్టమైన పుస్తకమేదని అడిగితే ఈ గుర్తు ఒక్క పేరు చెప్పదు, ఈ జంట పేరే చెబుతుంది. కోనసీమను కొబ్బరాకుల నీడగా, పచ్చదనంగా చూపే పుస్తకాలు కావలసినన్ని ఉన్నాయి. గోదావరి నేల మీద మనుషులు ఎలా బతికారో తెలియాలంటే మాత్రం ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ ముందు చదవాలి, వెంటనే ‘పాలేరు నుండి పద్మశ్రీ వరకు’ చదవాలి. ఏ ఒక్కటి చదివి ఊరుకున్నా సగమే తెలుస్తుంది. ఊళ్ళోని శాఖా గ్రంథాలయంలో ఈ రెండింటిలో ఏది లేకపోయినా, తెప్పించమని పాఠకులు అడగాలి.