జిరాక్సు షాపు గోడశాసనమునకు టీక

మూలము: “ఇచ్చట వైఫై మిలిటరీ స్థాయి ఎన్‌క్రిప్షనుతో సంపూర్ణ సురక్షితము. పాస్‌వర్డు 12345678.” (కరణ్‌కోట, లామినేషను చేసిన ప్రతి.)

ప్రతిపదార్థము: ఇచ్చట = ఇచ్చటనే. వైఫై = స్పష్టము. మిలిటరీ = శంకనీయము. ఏఈఎస్ అను ఈ గూఢలిపిని కూర్చినవారు డేమన్, రైమన్ అను బెల్జియం పండితులు. 2001లో అమెరికా ప్రమాణమైనది. విధానమంతయు బాహాటమే, గుట్టు తాళంచెవియందే. ఆ చెవి గోడకు వ్రేలాడుచున్నది. 12345678 = ఎనిమిదక్షరములకు తక్కువైన రౌటరు ఒప్పదు గనుక కవి ఎనిమిదితో ముగించెను. మితభాషి.

విశేషము: ఇచట అవధానములోని వ్యస్తాక్షరి జ్ఞప్తికి వచ్చుచున్నది. పృచ్ఛకుడు పదునేడవ అక్షరము ‘మ’ అనును. కొంతసేపటికి మూడవది ‘ర’ అనును. అవధాని పద్యములు నడుపుచునే అన్నిటిని ఏరుకొని, తుదకు వాక్యమును వరుసగా అప్పగించును. చప్పట్లు. పెన్సిలుతో వెనుక వరుసలో కూర్చున్న కుర్రవాడును అప్పగింపగలడు. వానికి చప్పట్లు లేవు. ఏలనన, అక్షరములు చెదిరినవే గాని దాగలేదు. 1997 నాటి వైఫై రక్షణయగు డబ్ల్యూఈపీ దాచబోయినది. 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అను వెనుక వరుసవారు పెన్సిలు తీసిరి. ఎక్కడ ఉన్నాము? గోడ దగ్గర.

శంక: 2004 నాటి డబ్ల్యూపీఏ2 ఫోనుకొక తాళమిచ్చును గదా? ఇచ్చును. పాస్‌వర్డును నెట్‌వర్కు పేరుతో కలిపి 4,096 మార్లు నూరి మూలతాళము తీయును. పిదప ఫోను, రౌటరు నాలుగు మాటలు మార్చుకొని ఆ పూట తాళము కల్పించుకొనును. తాండూరు బస్సు కొరకు నిలుచున్న ఎవడైనను గోడ చదివి, ఆ నాలుగు మాటలు విన్నచో అదే తాళము తానును చేసికొనును. బండల లారీ లేపిన దుమ్ము ఎవరి వాకిలి అని చూడదు; గాలిలో తరంగమును అంతే. ఈ కన్నము పూడ్చినది 2018 నాటి డబ్ల్యూపీఏ3. బ్యాంకు యాపు తన తాళము తానే వేసికొనును గనుక బతికితిమి.

పాస్‌వర్డు మార్చవయ్యా అని షాపతనికి మూడుసార్లు చెప్పాను. “ఏం గాదు సార్, మిలిటరీది” అన్నాడు. అంటూనే, బల్ల మీద ఉన్న, సరిగా పడని నా ఆధార్ జిరాక్సు వెనక ఇంకెవరిదో బాకీ లెక్క రాసుకున్నాడు.

తాత్పర్యము: వైఫై ఎన్‌క్రిప్షను కాచునది ఫోనుకు రౌటరుకు నడుమ గాలిని మాత్రమే. బల్లను కాచు గూఢలిపి ఇంకను పుట్టలేదు. చింపి బుట్టలో వేయుట ఒక్కటే కలదు.