స్టీన్‌బెక్ గారి బండిని

నా పేరు రోసినాంటే. డాన్ కిహోటే ఎక్కి తిరిగిన బక్కగుర్రం పేరది. నేను మాత్రం 1960 నాటి జీఎంసీ పికప్ ట్రక్కును. వెనక చిన్న ఇల్లు కట్టారు. పడక, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్ అన్నీ అందులోనే. అమెరికన్ నవలాకారుడు జాన్ స్టీన్‌బెక్ ఇలాగే కావాలని చెప్పి మరీ నన్ను తెప్పించుకున్నాడు.

అప్పటికి ఆయనకు 58 ఏళ్లు. అంతకు ముందు ఏడాది చివర్లో పెద్ద జబ్బే చేసింది. ఇక ఒళ్లు దాచుకో అని అందరూ చెప్పేవాళ్లే. ఆ మాట ఆయనకు గిట్టలేదు. దేశం గురించి రాస్తున్నాను గానీ దేశాన్ని చూసి చాలా ఏళ్లయిందని బయలుదేరాడు. తోడుగా తెచ్చుకున్నది చార్లీని. ఫ్రాన్సులో పుట్టిన పూడుల్ కుక్క, వయసు పదేళ్లు. కుక్కకు అది ముసలితనమే. అలా ఇద్దరు పెద్దవాళ్లను మోసే పని నాకు పడింది.

1960 సెప్టెంబరులో ఆయన ఉండే ఊరు సాగ్ హార్బర్ నుంచి కదిలాం. మొత్తం దాదాపు 10,000 మైళ్లు తిరిగాం. ఊళ్ల పేర్లు వల్లించను గానీ, నా చాకిరీ ఒకటి చెప్పాలి. మూతున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి సాగే తాడుతో లోపల వేలాడేది. మాసిన బట్టలు, నీళ్లు, సబ్బు అందులో వేసేవాడు. గతుకుల్లో నేను ఊగుతుంటే బట్టలు ఉతికినట్టే అయ్యేవి. ఆ పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వం.

చార్లీ ముందు సీట్లో, ఆయన పక్కనే. వాడి ముందుపళ్లు వంకర. కిందికి దిగాల్సి వస్తే ఆ పళ్ల సందుల్లోంచి "ఫ్ట్" అనేవాడు. పడమటి కొండల్లో ఒక రాత్రి వాడికి మూత్రం ఆగిపోయింది. ఆ బాధ చూడలేకపోయాం. స్పోకేన్‌లో ఒక పశువైద్యుడికి చూపిస్తే, ముసలి కుక్కే కదా అన్నట్టు తేలిగ్గా తీసేశాడు. ఆ మాటే మనుషులు మా యజమాని గురించీ అన్నారు. వయసు మీదపడితే నొప్పి తగ్గుతుందా?

టెక్సస్‌లో అమరిల్లో దగ్గర రాయి ఎగిరి నా ముందు అద్దం పగిలింది. అక్కడే చార్లీకి ఆ జబ్బు తిరగబెట్టింది. నాకు కొత్త అద్దం వేశారు. వాడికి దొరికింది ఒక కుర్ర వైద్యుడు. ఒంటిమీద చెయ్యి వేసిన తీరులోనే పనిమంతుడని తెలిసిపోయింది. నాలుగు రోజులు ఉంచుకుని, నయం చేసి పంపాడు.

1962లో ఈ ప్రయాణం మీద ఆయన రాసిన 'ట్రావెల్స్ విత్ చార్లీ' పుస్తకం వచ్చింది. అదే ఏడాది ఆయనకు నోబెల్ బహుమతి ప్రకటించారు. ఆ ప్రయాణంలో చాలా రాత్రులు ఆయన నాలో కాక హోటళ్లలో పడుకున్నాడని, కొంత దారి భార్య కూడా వెంట ఉందని తర్వాత కొందరు ఆరా తీసి రాశారు. నిజమే. జబ్బుపడి లేచిన మనిషి మెత్తటి పరుపు కోరుకుంటే నేనేం తప్పు పట్టను. చార్లీ మీద ఆయనకున్న ప్రేమలో కల్పన లేదు. అది నేను చూశాను.

తిరిగొచ్చాక నన్ను అమ్మేశాడు. అదొక్కటే నాకు మింగుడుపడలేదు. ఒక బ్యాంకు అధికారి కొని తన పొలానికి తీసుకెళ్లాడు. బరువులు మోయడం నాకు కొత్త కాదు. కానీ పక్క సీట్లో "ఫ్ట్" అనేవాడు లేడు, వాడి కోసం బండి ఆపేవాడూ లేడు. ఏళ్లు గడిచాయి. చార్లీ 1963లో, ఆయన 1968లో పోయారు. ఆ కబురు నాకెవరు చెబుతారు?

ఇప్పుడు ఆయన పుట్టిన సలీనాస్‌లో, నేషనల్ స్టీన్‌బెక్ సెంటర్‌లో ఉన్నాను. వచ్చినవాళ్లు ఆయన పట్టుకున్న స్టీరింగు వైపే చూస్తారు. మీరొస్తే చార్లీ కూర్చున్న పక్క సీటు కూడా చూడండి.