బావగారు చెయ్యి పెడితే

ప్రతి వంశంలోనూ ఒకాయన ఉంటాడు. వీడియో ఆడక మొరాయించిన కంప్యూటరు ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "ఎవరు ముట్టుకున్నారు దీన్ని?" అని అడిగేవాడు. మా వంశంలో ఆ పదవి మా బావగారిది. కృష్ణా డెల్టాలో ముప్ఫై రెండేళ్లు కాలువల మీద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. చేతికింది లాకులు పోయాయి గానీ, ఏదైనా ఎక్కడైనా అడ్డుపడిందంటే ఆయన ప్రాణం ఇంకా అక్కడికే లాగుతుంది.

మొన్న మా అమ్మాయి పెళ్లి వీడియో పెన్‌డ్రైవులో వచ్చింది. పెట్టి చూస్తే సన్నాయి వినబడుతోంది, తెర మాత్రం కాటుక. కోడెక్ ఏదో లేదట, కొనుక్కోమంటోంది. బావగారికి ఫోన్ చేశాను. నలభై నిమిషాల్లో దిగారు. మా అక్కనీ వెంటబెట్టుకొచ్చారు. భోజనం దాకా సాగుతుందని ఆయనకు ముందే తెలుసు.

"మన పిల్ల పెళ్లి మనం చూసుకోవడానికి ఇంకొకడికి డబ్బులా!" అన్నారు మొట్టమొదట. తర్వాత మా అమ్మకు పాఠం మొదలైంది. "అత్తయ్యగారూ, ఫైలంటే టిఫిన్ క్యారియరు. ఒక గిన్నెలో బొమ్మ, ఒక గిన్నెలో శబ్దం. శబ్దం గిన్నె మూత వచ్చింది, బొమ్మ గిన్నె మూత బిగుసుకుంది. ఆ మూత తీసేవాడే కోడెక్." అమ్మ తలూపింది. ఫైలు పేరు చివర ఎంకేవీ తీసేసి ఎంపీ4 అని పెట్టి చూద్దామా అని నేనన్నాను. ఆయన నా వైపు జాలిగా చూశారు. "క్యారియరు మీద పేరు మారిస్తే లోపలి పప్పు సాంబారవుతుందటోయ్?"

కాపీ తీయకుండా ఆయన దేన్నీ ముట్టుకోరు. జేబులోంచి సొంత పెన్‌డ్రైవు తీశారు. 16 జీబీది, ఖాళీగా ఉంది. పెళ్లి 11 జీబీ. అయినా ఎక్కనంటుంది. ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవు 4 జీబీ దాటిన ఒంటి ఫైలును పుచ్చుకోదట. "ఫార్మాట్ చేసేస్తే సరి!" అన్నారు, ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో వెలిగే వెలుగు మా అక్క పెళ్లినాడు కూడా నేను చూడలేదు. చిక్కేమిటంటే అప్పటికి రెండు పెన్‌డ్రైవులూ పీకి చేతిలో పట్టుకున్నారు. రెండూ నల్లవే. రెండూ ఒకే సైజు. ఒకటి గుచ్చి మౌసు మీద వేలు పెట్టారు. "ఏవండీ!" అని మా అక్క వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి చెయ్యి పట్టుకుంది. గుచ్చింది పెళ్లినే.

ఆ గండం గడిచాక వీఎల్‌సీ ఎక్కించారు. తెర మీద నారింజ రంగు శంకువు కనిపించగానే ఆయనకు పుట్టింటివాళ్లు కనిపించినట్టే. రోడ్డు మరమ్మతప్పుడు పెట్టేదే కదా. పారిస్‌లో ఎకోల్ సెంట్రల్ అనే కాలేజీ పిల్లలు 1996లో మొదలెట్టారనీ, వాళ్లు రోడ్ల మీంచి అలాంటి శంకువులు హాస్టలుకు మోసుకొచ్చేవారనీ, 2001 నుంచి ఊరందరికీ ఉచితమనీ చెప్పారు. ఒక శంకువు ఈయనే మోసినట్టు చెప్పారు.

బొమ్మ వచ్చింది. కానీ పెళ్లికొడుకు నాలుగడుగులకోసారి రాయైపోతున్నాడు. ఇక్కడ బావగారి మీద నాకు నిజంగా గౌరవం కలిగింది. ఎవరినీ తిట్టలేదు, వైరస్ అనలేదు. లోపలి వివరాలు తెరిచి చదివి, "వీడియో హెచ్.265. ఆ పద్ధతి వచ్చింది 2013లో. నీ కంప్యూటరు కొన్నది 2012లో. దీని చిప్పు ఆ పేరే విని ఎరగదు. పిల్లకాలువలో ప్రకాశం బ్యారేజి నీళ్లు వదిలితే గట్టు తెగదూ?" అన్నారు. పాత హెచ్.264లోకి, 4కే నుంచి 1080కి దించడానికి పెట్టారు. సాయంత్రం ఆరింటికి మొదలైన ఆ పని మర్నాడు పదింటికి అయింది. రాత్రి వాళ్లు మా ఇంట్లోనే ఉండిపోయారు. గోంగూర పప్పు రెండుసార్లు వండాల్సి వచ్చింది.

"అల్లుడుగారూ, పిల్లకి ఇంకోసారి పెళ్లి చేసినా ఈపాటికి అయిపోయేది" అంది అమ్మ.

పదింటికి అంతా చేరాం. బొమ్మ వెన్నలా నడుస్తోంది. మాటే వెనకబడింది. మంగళసూత్రం కట్టేసి అల్లుడు కూర్చున్నాక, తీరిగ్గా రెండు సెకన్లకి భజంత్రీలు గట్టిగా మోగాయి. వీఎల్‌సీలో జే నొక్కితే శబ్దం ముందుకొస్తుంది, కే నొక్కితే వెనక్కి పోతుంది, నొక్కుకు 50 మిల్లీసెకన్లు. బావగారు లెక్కకట్టి నలభై నొక్కులన్నారు. నొక్కారు. పైకి లెక్కపెడుతూ నొక్కారు. కే నొక్కారు. భజంత్రీలు నాలుగు సెకన్లు వెనకబడ్డాయి. "అన్నయ్యగారూ, ఇప్పుడు ఎనభైయా?" అని మా ఆవిడ చాలా మర్యాదగా అడిగింది.

ఎనభై నొక్కాక సూత్రం, మేళం కలిశాయి. అమ్మ కళ్లు తుడుచుకుంది. నేను వెనక్కి తిరిగి చూస్తే కుర్చీ ఖాళీ. పక్క ఫ్లాటువాళ్ల కంప్యూటరులో సినిమా శబ్దం రావడం లేదని మెట్ల దగ్గర ఎవరో అన్నారట, వెళ్లిపోయారు. ఆయనెప్పుడూ అంతే. ఆడుతున్న వీడియో మీద ఆయనకు ఆసక్తి లేదు. ఇన్నేళ్లలో ఏ వీడియో కూడా మొదటినుంచి చివరిదాకా చూసిన మనిషి కాదు. సొంత ఇంట్లో కంప్యూటరు స్పీకర్లు రెండు సంవత్సరాలుగా పలకడం లేదని అక్క చెప్పింది.

తలంబ్రాల దగ్గర అక్క ఆపమంది. వధూవరుల వెనక, పెద్ద తెర పక్కన, పట్టుపంచె ఎగ్గట్టి ఎవరో వంగి వైరు లాగుతున్నారు. ముందుకు నడిపితే అప్పగింతల్లోనూ అదే పంచె, అదే వంగడం.

మూడు గంటల వీడియో మొత్తం చూశాం. బావగారి ముఖం ఎక్కడా లేదు. వీపు పదకొండు చోట్ల ఉంది.