64 జీబీల కాపురం

సింగపూర్‌లో 1998లో ఒక చట్టం అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత కట్టిన సర్కారువారి హెచ్‌డీబీ ఫ్లాట్లలో బాంబు షెల్టర్ ఉండటం మామూలైపోయింది. మందపాటి కాంక్రీటు గోడలు, ఉక్కు తలుపు, గాలి ఆడటానికి మూతలున్న కన్నాలు. యుద్ధం వస్తే కుటుంబమంతా అందులో దూరి కూర్చోవాలి. రానంతకాలం సామాన్లు పెట్టుకోవచ్చని ప్రభుత్వమే సెలవిచ్చింది. కాకపోతే కబురందిన 48 గంటల్లో ఖాళీ చేయగలిగేట్టు ఉండాలట. జురాంగ్ వెస్ట్‌లోని మా షెల్టర్ ఖాళీ కావాలంటే మాత్రం శత్రువు పదిహేను రోజుల ముందే ఫోన్ చేసి చెప్పాలి. బియ్యం బస్తా, ఇండియా సూట్‌కేసులు, పాత మిక్సీ, కొత్త మిక్సీ వచ్చిన అట్టపెట్టె, పాప మొదటి సైకిలు, ఎప్పటికైనా పనికొస్తాయని దాచిన రకరకాల చార్జర్లు. ఈ దాచుడు నాది. మా ఆవిడకు దీంతో సంబంధం లేదని ఆవిడే రాయమంది.

నా ఫోనుకూ అచ్చం ఆ షెల్టర్ గతే పట్టింది.

పెట్టె మీద 64 జీబీ అని ఉంది. అందులో సిస్టమ్ తన వాటా ముందే పట్టుకుపోయింది. మిగిలిన దాంట్లో రెండు దేశాలు సర్దుకోవాలి. ఇక్కడ సర్కారు గుర్తింపు యాపు సింగ్‌పాస్ లేకపోతే పన్ను కట్టలేం, ఇక్కడ ఉండనిచ్చే పాస్ సంగతి చూసుకోలేం, ఒక్కోసారి మనం మనమేనని కూడా చెప్పుకోలేం. డబ్బు పంపుకునే పేనౌ కోసం బ్యాంకు యాపు. బడి నుంచి కబుర్లు రావడానికి పేరెంట్స్ గేట్‌వే. లైబ్రరీది ఒకటి, బస్సుది ఒకటి. హెల్దీ 365 అని ఇంకోటి ఉంది, నడిస్తే పాయింట్లిస్తుంది, పాయింట్లు పోగైతే వోచర్లిస్తుంది. నేను జురాంగ్ లేక్ గార్డెన్స్‌లో నడిచేది ఆరోగ్యం కోసమని మా నాన్నగారు అనుకుంటున్నారు.

ఇక అటువైపు. ఆధార్, డిజీలాకర్, రైలు టికెట్లు, తిరుమల దర్శనం టికెట్లు, తెనాలి ఇంటి కరెంటు బిల్లు, అమ్మావాళ్ల గ్యాసు బండ, అక్కడి బ్యాంకు, యూపీఐ. 2023 ఫిబ్రవరి 21న ఇద్దరు ప్రధానమంత్రులు చూస్తుండగా పేనౌకూ యూపీఐకీ లంకె వేశారు. ఒక యాపన్నా తగ్గుతుందని సంబరపడ్డాను. రెండూ ఉంటేనే కదా లంకె.

"కొత్త ఫోను కొనుక్కోవచ్చు కదండీ" అంటుంది మా ఆవిడ, నెలకోసారి.

"మెమరీ కార్డు పెట్టుకునే చోటున్న ఫోను ఇది. ఇప్పుడు అంత సులువుగా దొరకవు."

ఇది వట్టి పిసినారితనం కాదు, చరిత్ర కూడా నా పక్కనే ఉంది. సామ్‌సంగ్ వాళ్లు పెద్ద గెలాక్సీ ఎస్ ఫోన్లలో కార్డు చోటును 2021లో ఎత్తేశారు. ఆపిల్ వాళ్లు ఐఫోనులో ఏనాడూ పెట్టనేలేదు. అందుకని గోరంత కార్డును నమ్ముకుని, లోపలి యాపుల్ని దాని మీదికి తోసేద్దామని ఒక ఆదివారం పొద్దున్నే, టిఫిన్ కూడా చేయకుండా నడుం బిగించాను.

యాపును కార్డుకు పంపే వెసులుబాటు 2010లో ఆండ్రాయిడ్ 2.2తో వచ్చింది. చాలామందికి తెలియనిదేమిటంటే, యాపు కదలాలా వద్దా అన్నది మన చేతిలో లేదు. దాన్ని రాసినవాళ్లు లోపల ఒక మాట రాసి పెడితేనే కదులుతుంది. బ్యాంకులవాళ్లు ఆ మాట ఎందుకు రాస్తారు? కార్డు ఊడబెరికితే యాపు మాయమైపోతుంది. కదిలినవైనా మొత్తం కదలవు, చాలావాటి డేటా లోపలే ఉండిపోతుంది. దానికితోడు కార్డు మీద ఉన్న యాపుకు తెర మీద బొమ్మలా కనబడే విడ్జెట్ పనిచేయదు, అలారాలనూ నమ్మలేం. వరసగా ఒక్కోదాన్నీ నొక్కుతూ వెళ్లాను. సింగ్‌పాస్ కదలనంది. యూపీఐ కదలనంది. వాట్సాప్ సంగతి సరేసరి. ఆఖరికి కదలడానికి ఒప్పుకున్నవి రెండే: పాప ఎప్పుడో ఆడి మానేసిన చేపల ఆట, మా అమ్మ పెట్టించిన పంచాంగం. కొండను తవ్వి ఎలుకను పట్టాను.

పంచాంగం కార్డుకు వెళ్లిన మరుక్షణం తెర మీద రాహుకాలం చూపే దాని విడ్జెట్ పోయింది. మా ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. రాహుకాలం సూర్యోదయాన్ని బట్టి లెక్కకడతారు. సింగపూర్ ఉన్న చోటును బట్టి చూస్తే గడియారం ఇంకో గంట వెనక ఉండాలి, కానీ 1982 నుంచి ఎనిమిది గంటల కాలమానం పట్టుకుని కూర్చున్నారు. అంచేత ఇక్కడ ఏడాది పొడుగునా ఏడింటి ప్రాంతంలోనే తెల్లవారుతుంది. మా ఆవిడ సింగపూర్ రాహుకాలం చూస్తుంది. మా అమ్మ తెనాలి రాహుకాలం చూసి ఫోన్ చేస్తుంది. ఇద్దరి మాటా కాదనలేక నేను రెండు పూటలా ఏ శుభకార్యమూ మొదలుపెట్టను. విడ్జెట్ పోయాక కొన్నాళ్లు ధైర్యంగా బతికాను.

ఇంతకంటే గట్టి మందు ఉందని చదివాను. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6లో కార్డును ఏకంగా ఫోను సొంత మెమరీలో కలిపేసుకోవచ్చు. అన్ని కంపెనీలూ ఆ సదుపాయం ఇవ్వలేదు గానీ, నా ఫోనులో ఉంది. ఒకసారి కలిపితే ఆ కార్డు ఇంకో ఫోనులోగానీ కంప్యూటరులోగానీ చదవడానికి రాదు, తాళం ఈ ఫోనుకే పడుతుంది. అంతకుముందు కార్డులో ఉన్నదంతా తుడిచేయాలి. కార్డులోనేమో పాప అన్నప్రాసన నుంచి మొదలుకుని ఫొటోలన్నీ ఉన్నాయి. వాటిని ఫోనులోకి తెద్దామంటే అక్కడ చోటు లేదు, అసలు గొడవ మొదలైందే అందుకు. ల్యాప్‌టాప్‌లోకి పంపుదామంటే అందులో సీ డ్రైవు ఎర్రగీత దాటి ఉంది. బయటి హార్డ్ డిస్కు ఒకటుండాలి.

"అదా? షెల్టర్‌లో, సూట్‌కేసుల కింద" అంది మా ఆవిడ.

బియ్యం బస్తా హాల్లోకి వచ్చింది. సైకిలు వచ్చింది. సూట్‌కేసులు వచ్చాయి. ఎలాగూ తీశారు కదా అని మా ఆవిడ పాత మిక్సీని కిందికి దించే పని నాకే అప్పగించింది. పాప సైకిలెక్కి హాల్లో బస్తా చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. హార్డ్ డిస్కు దొరికింది. దాని కేబుల్ దొరకలేదు. అన్ని చార్జర్లు దాచినవాడికి ఆ ఒక్క తీగ లేదు. మధ్యాహ్నం రెండింటికి అన్నీ లోపల సర్దేసి చల్లారిన ఉప్మా తిన్నాను. ఫోనులో ఖాళీ ఎంతుందో చూడలేదు, చూసే మొహం లేదు.

మా ఆవిడది ఐఫోను. 2017 నుంచి దానికో సుగుణం ఉంది. వాడని యాపును అదే తీసేసి, బొమ్మనూ డేటానూ మాత్రం అట్టేపెట్టుకుంటుంది, మళ్లీ నొక్కితే తెచ్చిపెడుతుంది. గూగుల్ కూడా 2023లో ఇలాంటిదే ఆర్కైవ్ అని తెచ్చింది. యాపు బరువు 60 శాతం దాకా తగ్గుతుందని వాళ్ల మాట. నేను దాన్ని ఆన్ చేయలేదు. వాడనిదేదో నిర్ణయించడానికి అదెవరు? రైలు టికెట్ల యాపు తెరిచి ఏళ్లయిందన్నది నిజమే. రేపు అర్ధరాత్రి అర్జంటుగా తెనాలి వెళ్లాల్సి వస్తే? చాంగీ నుంచి తెనాలికి రైలు లేదని మా పాప గుర్తుచేసింది.

ఈ మొండితనం ఫలం బూన్ లే దగ్గర ఒక క్లినిక్ కౌంటర్ ముందు అనుభవించాను. సింగ్‌పాస్ తెరవబోతే ముందు అప్‌డేట్ చేయమంది. అప్‌డేట్ చేయబోతే చోటు లేదంది. వెనక ఒక చైనీస్ పెద్దాయన, ఆయన వెనక చంటిపిల్లతో ఒక తల్లి. నిలబడ్డపళాన ఫొటోలు తుడవడం మొదలుపెట్టాను. మామగారి షష్టిపూర్తి వచ్చింది, వేలు ఆగింది. పక్కకు జరిపితే ఉగాదికి పాప నాట్యం. 1975 నుంచి ఉన్న సింగపూర్ తెలుగు సమాజంవాళ్ల పండగ అది. ఫుల్ హెచ్‌డీ వీడియో అంటే నిమిషానికి వంద మెగాబైట్లకు పైమాటే, ఇది పాట మొత్తం ఉంది. మొదటి నుంచి చివరిదాకా ముందు వరసలో ఎవరిదో బట్టతల, దాని చెవి పక్కన అప్పుడప్పుడూ మా పాప చెయ్యి. దాన్నీ తుడవలేకపోయాను. "అంకుల్, మెల్లగా కానివ్వండి" అన్నట్టు కౌంటర్ అమ్మాయి నవ్వింది, తర్వాత పెద్దాయన్ను ముందుకు పిలిచింది.

ఇంటికొచ్చి నేరం మా నాన్నగారి మీద వేశాను. ఆయన తెనాలిలో అయిదింటికి లేచి పంపే శుభోదయాలు మాకు ఏడున్నరకు దిగుతాయి. గులాబీ, సూర్యుడు, వేంకటేశ్వరస్వామి, సూక్తి. ఇవి మా ఇంటి సమస్యే కాదు. గుడ్ మార్నింగ్ బొమ్మలతో భారతీయుల ఫోన్లు నిండిపోతున్నాయని 2018 జనవరిలో వాల్ స్ట్రీట్ జర్నల్ కథనమే వేసింది. 2017 డిసెంబరులో గూగుల్ తెచ్చిన ఫైల్స్ గో యాపు వాటిని ఏరి చూపించి తుడిపించే పని కూడా చేసేది. ఈ విజ్ఞానమంతా మా ఆవిడకు విన్నవించి, వాట్సాప్ సెట్టింగుల్లో స్టోరేజి తెరిచి చూపించాను. అది ఎవరెవరి వల్ల ఎంత నిండిందో వరసగా చూపిస్తుంది. నాన్నగారు ఎక్కడో కింద ఉన్నారు. పైన ఉన్నది మా డిగ్రీ స్నేహితుల గ్రూపు. అందులో ఎక్కువ భాగం పంపింది నేనే.

ఆ వారంలోనే బస్టాండు దగ్గర తువాస్ షిప్‌యార్డులో పనిచేసే శ్రీకాకుళం కుర్రాడొకడు పరిచయమయ్యాడు. డార్మిటరీకి వెళ్లే బస్సు కోసం చూస్తున్నాడు. మాటల్లో నా ఫోను గోడు వెళ్లబోసుకుంటే, చేతిలోకి తీసుకుని ఓపిగ్గా పైకీ కిందికీ జరిపాడు.

"ఏటన్నా, ఇన్ని ఉంచుకున్నారేటి? నానైతే ఆదివారం ఇంటికి పంపేసి తుడిసేత్తాను. సూసుకోడానికి మాయావిడ ఉంది కదా."

అతని ఫోను 32 జీబీ. సగం ఖాళీ. జీతం ఇంటికి పంపే యాపూ, వీడియో కాలుదీ, రెండు సినిమాలూ ఉన్నాయి.

నా ఫోను తిరిగిస్తూ, "ఇయ్యేటన్నా, అన్నీ అంకెలే?" అన్నాడు. అవి స్క్రీన్‌షాట్లు. బంగారం ధర, రూపాయల్లో డాలరు ధర, ముస్తఫా కొట్లో కందిపప్పు ధర, ఎన్నటికీ కొనలేని కాండో ఫ్లాట్ల ధర. వాటికో ఫోల్డరు ఉంది, వేలల్లో ఉన్నాయి. ఇంటికొచ్చి తుడవడానికి కూర్చున్నాను గానీ, బంగారం అప్పట్లో అంత చవగ్గా ఉండేదా అని ఒక్కోటీ చూస్తూ పొద్దుపోయింది. మా ఆవిడ వెనక నిలబడి చూసింది, "అప్పుడు కొనమంటే విన్నారా?" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఎట్టకేలకు కొత్త ఫోను కొనడానికి ఒప్పుకున్నాను, 256 జీబీది. జురాంగ్ పాయింట్‌లో ఒక ధర ఉంది, ఆన్‌లైన్‌లో ఒక ధర ఉంది, పండగ సేల్‌కు తగ్గుతుందంటున్నారు. తొందరపడి మోసపోకూడదు కదా. రోజూ రాత్రి రెండు ధరలూ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటున్నాను.